బాలబాలికలతో వేసవి వనయాత్రలు



ఏప్రిలు నెల తుదిని బడులు మూతపడును. జూను 12వ తేదీ ప్రాంతమున మఱల తెఱవబడును. నడుమ నుండు ఆఱేడు వారములలో మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములయందలి పిల్లలు ఏమి చేయుచున్నారో మీరు చూచుచునే యున్నారు. ఉదయ మెనిమిది గంటలకు లేతురు. తొమ్మిదింటికే యెండ మండిపోవును గనుక వీధిలోనికి పోవలదని తల్లి గద్దించును. ఇంక మిగిలినది చేతిలోని ఫోను. దానియందు ఆఫ్రికా ఖండపు సింహమును, ఆస్ట్రేలియా కంగారూను చక్కగా చూతురు, వాని పేర్లు తప్పక చెప్పుదురు. ఇంటి వెనుక వేపచెట్టున గూడు పెట్టిన పిట్ట పేరడిగినచో "పిట్ట" అని యూరకుందురు. ఇందు పిల్లల దోష మేమియు లేదు. పేరు చెప్పువారు లేనప్పుడు పేరెట్లు తెలియును?

ఈ సెలవులలో వారమునకు రెండు దినములైనను పిల్లలను వెంటబెట్టుకొని ఏటికో, గుట్టకో, చెఱువు కట్టకో పోవలసినదని పెద్దలను కోరుటకే నేడు మాటలాడుచున్నాను. నేను బడిపంతులుగా నుండి ఈ మూడు ఊళ్ల చుట్టుపట్ల కొన్ని వేసవులు పిల్లలతో తిరిగినవాడను. ఆ యనుభవము చేతనే ఈ నాలుగు మాటలు చెప్పగలుగుచున్నాను.

మొదట వేళను గూర్చి చెప్పవలయును, ఏలయనగా మన సీమలో వేళ తప్పినచో వనయాత్ర వ్యాధియాత్ర యగును. కోడి కూసిన వెంటనే పిల్లలను లేపవలయును. తూర్పు తెల్లవాఱుసరికి ఊరి పొలిమేర దాటి యుండవలయును. ఎనిమిదిన్నరకు మఱల ఇండ్లు చేరవలయును. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు ఊరక అనలేదు. ఆ పదునాలుగు దినములు ఇంకను త్వరగా మఱలుట మంచిది. ఒక్కొక బిడ్డ చేతిలో నీళ్ల సీసా, నెత్తిన రుమాలు, కాళ్లకు చెప్పులు, కడుపులో గ్రుక్కెడు రాగిగంజియో మజ్జిగయో ఉండవలెను. పదిపన్నెండుగురికి ఇద్దఱు పెద్దలు చాలుదురు. ఇరువదిమంది యైనచో అది తిరునాళ్ల యగును గాని చూచుట సాగదు. ఆడపిల్లలను ఇంట దింపి మగపిల్లలను మాత్రము తీసికొనిపోవు వాడుక కొన్ని ఊళ్ల కలదు. అది మానవలయును. నేను చూచినంతలో గూడుల జాడ కనిపెట్టుటలో ఆడపిల్లలే నేర్పరులు.

మొదటి దినములకు ప్రొద్దుటూరి వారికి పెన్న యుండనే యున్నది. వేసవిలో పెన్నలో నీరు లేకున్నను చూడదగినది లేకపోదు. పాదు జాడలు చదువుటకు ఇసుకకన్న మంచి పలక మఱియొకటి లేదు. రాత్రి దాని మీదుగా ఎవరెవరు నడచిరో ప్రొద్దున వ్రాసియుండును. నక్క జాడ కుక్క జాడకన్న సన్నము, పొడుగు. కుందేలు దూకినచోట వెనుక కాళ్ల గుర్తులు ముందునకును ముందు కాళ్లవి వెనుకకును పడును. పాము ప్రాకిన చార తోక లాగిన తొండ చారవలె నుండదు. ఈ సంగతులు పుస్తకము చూచి చెప్పనక్కఱలేదు. గొఱ్ఱెలు మేపిన తాత ఒక్కడు వెంట నున్న చాలును.

ఏటి ఒడ్డున నిలువుగా తెగిన మట్టి గట్టులు చూడుడు. వానిలో బొటనవ్రేలు పట్టునంత గుండ్రని రంధ్రములు వరుసగా కనబడును. అవి యెలుకలవి గావు. పచ్చని పసిరిక పిట్టలు ముక్కుతో త్రవ్వి, మూరెడు లోపల గ్రుడ్లు పెట్టు ఇండ్లు. గాలిలో తేనెటీగను పట్టి, కొమ్మమీద వ్రాలి, దానిని కొమ్మకు రాచి కొట్టి, కొండి తీసివేసి మ్రింగును. దూరమున కూర్చుండి పావుగంట చూచిన చాలును, పిల్లలు నవ్వుచు "మా అమ్మ గుడ్డలు ఉతికినట్లే" యందురు. ఇట్టి పోలిక పెద్దలకు తోచదు.

పెన్న ఇసుకదిబ్బలపై, చెఱువు బీళ్లయందు తీతువు గ్రుడ్లు పెట్టు కాలము ఈ వేసవియే. గూడు లేదు. నాలుగు గులకఱాళ్ల నడుమ నేలమీద నాలుగు మచ్చల గ్రుడ్లు. ఎదుట నున్నను కనబడవు. మనము దగ్గఱకు పోవుకొలది పిట్ట మఱియొక వైపునకు ఎగిరి అఱచుచు మనలను అటు లాగజూచును. ఆ నేలమీది గ్రుడ్లు మన యెండకు ఉడికిపోవలసినవి కావా? పిట్ట నీటికి పోయి, ఱొమ్మునందలి యీకలను తడుపుకొని వచ్చి, ఆ తడితో గ్రుడ్లను చల్లపఱచును. ఇది కట్టుకథ కాదు, పక్షిశాస్త్రజ్ఞులు చూచి వ్రాసిన విషయము. రాత్రి తీతువు కూసిన కీడని మన యిండ్లలో అనుకొందురు. నిజమునకు ఆ కూత నక్కో, కుక్కో, మనిషియో తన పిల్లల దగ్గఱకు వచ్చుచున్నాడని చేయు కేక. మనవడు ఈ సంగతి తెలిసికొన్న రాత్రి ఆ కూత విని భయపడడు, "ఎవరో గ్రుడ్లు త్రొక్కుచున్నారు తాతా" యని లేచి కూర్చుండును.

పెద్దలు వెంట రావలసిన ముఖ్యకారణము పేర్లు. మన పిట్టలకు, చెట్లకు, పురుగులకు ఉన్న తెలుగు పేర్లు సగము పుస్తకములలోనికి ఎక్కలేదు. పసువుల వీపుపై నెక్కి తిరుగు నల్లని చీలుతోక పిట్టను పసులపోలిగాడని మీరు తడుముకొనక అందురు. మీ మనవనికి ఆ పేరు తెలియునా? పోలిగాడు కాకిని, గ్రద్దను తరుమును. వానిచెంత గూడు కట్టిన చిన్న పిట్టలకు అది కావలి. ఒక పేరు పోయిన వెనుక దానితో చేరిన ఇటువంటి జ్ఞానమంతయు పోవును.

పేరొక్కటి ఎంత పని చేయునో మన జిల్లాలోనే జరిగిన కథ కలదు. 1848 ప్రాంతమున జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు మన కడప, నెల్లూరు సీమల గుట్టలలో ఒక పిట్టను చూచెను. పొడుగు కాళ్లు, ఱొమ్ముపై రెండు గోధుమ పట్టెలు, పగలు పొదలలో దాగి రాత్రి నేలపై పరుగెత్తుచు పురుగులను తిను స్వభావము. 1900లో అనంతపురము చేరువను ఒకసారి కనబడినది. పిమ్మట ఎనుబది యేండ్లకు పైగా ఎవరును చూచినట్లు వ్రాయలేదు. లోకములో లేనేలేదని శాస్త్రజ్ఞులు తలచిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు పట్టు విడువక, ఆ పిట్ట బొమ్మను వ్రాయించి మన గ్రామములలో చూపుచు తిరిగిరి. పట్టణపు పండితులకు దొరకనిది మన అడవి యంచున పిట్టలు పట్టి జీవించు ఒకనికి తెలిసియుండెను. 1986 జనవరిలో రాత్రివేళ దీపపు వెలుగున అతడు దానిని ప్రాణముతో పట్టి తెచ్చెను. ఆ పిట్ట ఎన్నో దినములు బ్రదుకలేదు. కాని లోకమంతయు అబ్బురపడినది. దాని తెలుగు పేరు కలివికోడి. కలివి పొదలలో తిరుగునది గనుక ఆ పేరు.

దాని నిమిత్తమే 1988లో లంకమల కొండలయందు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. తెలుగు గంగ కాలువ త్రవ్వకము ఆ పొదలకు ముప్పు దెచ్చినప్పుడు కాలువ దారిని గూడ మార్చిరి. ఆ వేటకాడు చదువుకొనినవాడు కాడు. చిన్ననాడు తన పెద్దల వెంట రాత్రులు తిరిగి నేర్చిన విద్య అది. అతని తండ్రి, తాత చెప్పకున్నచో ఆ బొమ్మను చూపినప్పుడు ఏమని యుండును? మన పిల్లలవలెనే "పిట్ట" అని యుండును. కలివి పొదలను ముండ్ల బీడని నరకి తగులబెట్టుచున్న వారికి ఈ కథ చెప్పవలయును. కలివిపండ్లు పుల్లగా నుండును గనుక పిల్లలకు వేఱుగా చెప్పనక్కఱలేదు, పొద దగ్గఱ నిలిపిన చాలును.

జమ్మలమడుగు వారికి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. పిల్లలను అచ్చటికి తీసికొనిపోయిన పెద్దలు కోట గోడలను, మాధవరాయస్వామి గుడిని, మసీదును, ధాన్యపు కొట్టును చూపి, పెమ్మసానివారి కథ చెప్పి మఱలుదురు. మంచిదే. అయితే ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్న పాఱిన ఆ గండి మున్నూఱడుగుల లోతున్నది. దాని బండ చఱియలపై కాపురమున్న వారి కథ ఎవరును చెప్పరు. లోయ అంచునకు పిల్లలను పోనీయక, పది గజముల యీవలనే వరుసగా కూర్చుండబెట్టి చూపవలయును. ఇది ఖండితమైన మాట. కోట గోడల బొక్కలలో రామచిలుకలు పిల్లలను పెంచును. 2018లో మన ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రపక్షిగా నిర్ణయింపబడినది ఈ చిలుకయే. అంతకుముందు పాలపిట్ట యుండెను. అది ఇప్పుడు తెలంగాణమువారి పక్షి.

అచ్చట కూర్చుండినప్పుడు రాబందుల మాట తప్పక చెప్పవలయును. మీలో నలువదేండ్లు దాటినవారందఱు రాబందులను చూచినవారే. ఊరి వెలుపల ఎద్దు చచ్చినచో గంటలో ముప్పది నలువది దిగి, సాయంకాలమునకు ఎముకలు మిగిల్చి పోయెడివి. ఇప్పుడు ఏవి? మీరెవరును వానిని చంపలేదు. పసువుల నొప్పికి, వాపునకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు చచ్చిన పసువు మాంసములో నిలిచి, తిన్న రాబందు మూత్రపిండములను చెఱచెను. 1990 తరువాత పదునైదేండ్లలో దేశమందలి రాబందులలో నూటికి తొంబదికి పైగా నశించినవి. కారణము 2004లో తేలినది. 2006లో ఆ మందును పసువులకు వాడగూడదని ప్రభుత్వము నిషేధించినది. రాబందులు పోయిన చోట కుక్కలు పెరిగినవి. ఆ కళేబరములను శుభ్రపఱచుట కుక్కల చేత గాదు. ఈ సంగతి పుస్తకములో నున్నది, కాని రాబందు దిగునప్పుడు దాని ఱెక్కల చప్పుడు ఎట్లుండెనో పుస్తకములో లేదు. అది మీరే చెప్పవలయును. మీ తరువాత చెప్పువారు లేరు.

బండల నడుమ నివసించు పెద్ద గుడ్లగూబను పగలు చూచుట యరుదు. దాని కూర్చుండు తావును మాత్రము కనుగొనవచ్చును. బండక్రింద తెల్లని రెట్టలు, వానితో బొటనవ్రేలంత బూడిదరంగు ఉండలు పడియుండును. గుడ్లగూబ ఎలుకను ముక్కలుగా నమలదు. మ్రింగి, అరగని వెండ్రుకలను, ఎముకలను ఉండచుట్టి నోట వెడలగ్రక్కును. ఒక ఉండను పుల్లతో విప్పి, ఎముకలను కాగితముపై పేర్చుడు. ఎలుకల పుఱ్ఱెలు, దౌడలు, పండ్లు చెక్కుచెదరక వచ్చును. లెక్క పెట్టించుడు. ఒక్క పక్షి ఒక్క రాత్రి తిన్నది ఇంత యైన సంవత్సరమునకెంత యని గుణించుమని పెద్ద పిల్లలకు చెప్పుడు. వేరుసెనగ, పప్పుసెనగ పండించు రైతు బిడ్డకు అంతకన్న మంచి లెక్క ఏ పుస్తకములోను లేదు. లెక్క ముగిసిన వెంటనే చేతులు సబ్బుతో కడిగించుట మఱువరాదు.

ఈ సందర్భమున విదేశపు పంతులొకని తలచుకొనుట బాగుండును. 1823లో పుట్టి 1915లో గతించిన ఫాబర్ అను ఫ్రెంచివాడు పేదబడిపంతులు. పిల్లలకు భూమి కొలత నేర్పుటకు బీటిభూమికి తీసికొనిపోయెను. గొలుసు పట్టి ముందునకు పోవలసిన పిల్లవాడు నడుమ నడుమ వంగి, ఱాతిని పట్టి, గడ్డిపుల్లతో ఏమో పీల్చుచుండెను. ఏమని విచారించినచో ఆ ఱాళ్లపై ఒక యీగ మట్టితో కట్టిన గూళ్లలో తేనె యున్నదని, పిల్లలందఱికి చిరకాలముగా తెలియునని తేలినది. పంతులు తాను గూడ వంగి చూచెను. ఒక నెల జీతమంతయు పోసి పురుగుల పుస్తకమును కొనెను. జీవితాంతము ఆ విద్యయే చదివెను. పిల్లలతో పోవు పెద్దలు నేర్పుటకే గాక నేర్చుటకును పోవుదురని దీనివలన తెలియును.

ఫాబర్ చూచిన కందిరీగల తోడివే మన యింటి గోడలకు, దూలములకు మట్టిగూళ్లు కట్టు కందిరీగలు. మనకు భ్రమరకీటక న్యాయము తెలిసినదే. కందిరీగ పురుగును తెచ్చి గూట నుంచి, దానిచుట్టు ఝంకారము చేయగా, పురుగు దానినే తలచుచు కందిరీగ యగునని చెప్పుదురు. వేదాంతమునకు ఆ దృష్టాంతము చక్కగా పనికివచ్చును, దానిని కాదనను. కాని పాతగోడనుండి ఒక మట్టిగూడును తీసి పిల్లల యెదుట విప్పుడు. కొండి పోటుచే కదలమెదలలేక, చావకయున్న గొంగళిపురుగులు లోపల నుండును. వాని చెంత కందిరీగ పెట్టిన గ్రుడ్డో, గ్రుడ్డునుండి వెడలిన పిల్లపురుగో ఉండును. అది గొంగళిని తిని పెరిగి కందిరీగయై గోడ తొలుచుకొని వెడలును. పురుగు కందిరీగ కాలేదు, కందిరీగకు ఆహారమైనది. ఒక వృద్ధుడు ఇది చూచి చాలసేపు మాటాడక, "ఇన్నాళ్లు కథ విని గూడు విప్పలేదు గదా" యనెను. ఆయనకు డెబ్బదియాఱేండ్లు.

పులివెందుల వైపు పోయినచో జంతువులకన్న ముందు రాళ్లు పలుకరించును. పులిమందల యను మాటనుండి ఆ యూరి పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు గనుక పిల్లలు మొట్టమొదట అడుగునది "పులులేవి?" యని. ఊరి పేరున మిగిలినవి, కొండలో లేవని చెప్పవలసి వచ్చును. చెప్పుటకు నాకు ప్రతిసారియు కష్టముగానే యుండును. కాని ఆ కొండబండలను చూపినప్పుడు వారి ముఖములు వికసించును. పెన్న ఇసుకపై నీరు తీసిన పిమ్మట అలల గుర్తులు సన్నసన్నని మడతలుగా మిగులుటను వారు ప్రొద్దుటూరు చెంతనే చూచియుందురు. పులివెందుల పేరు పెట్టుకొన్న గట్టి బండలలో అవే మడతలు రాయియై నిలిచియున్నవి. ఏనాటి సముద్రపుటొడ్డున అలలో అవి. చేయి పెట్టి తడిమి చూడనిండు. వేంపల్లె చుట్టుపట్ల సున్నపురాళ్లలో ఉల్లిపాయను కోసినట్లు పొరలు పొరలుగా గుండ్రని ఆకారములు కనబడును. అవి నీటి పాచి పెరుగుచు, బురదను పట్టి, పొరపై పొరగా కట్టిన కట్టడములు. ఇంచుమించు 190 కోట్ల సంవత్సరముల నాటివి. అప్పటికి చేప లేదు, చెట్టు లేదు, నేలపై గడ్డిపోచ లేదు. లోకములో ప్రాణమనునది ఆ పాచి వంటిదే. 1872లో కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు మన రాళ్లను గూర్చి పెద్దగ్రంథము వ్రాసెను. నాటినుండి వేంపల్లె, పులివెందుల, గండికోట, నార్జి యను మన పల్లెల పేర్లు లోకమందలి భూశాస్త్ర విద్యార్థులు చదువుచున్నారు. మన పిల్లలు చదువుకొనునది మాత్రము అన్యదేశముల పర్వతములు.

ఇంక మీరు చెప్పబోవు ఆక్షేపము నాకు తెలియును. పాములున్నవి, తేళ్లున్నవి, బిడ్డకేమైన నైనచో జవాబు చెప్పువారెవరు? న్యాయమైన ప్రశ్నయే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగును మన నేలయందున్నవి. చిన్నపింజరి రాళ్ల క్రింద నుండును. కావున పిల్లలు చేతితో ఱాయి యెత్తరాదు, పుట్టలో పుల్ల పెట్టరాదు, పొదలో చేయి పెట్టరాదు. పెద్దవాడొకడు కఱ్ఱతో నేల తట్టుచు ముందు నడువవలయును. దైవవశమున కాటు పడినచో కోయరాదు, పీల్చరాదు, గట్టిగా కట్టు కట్టరాదు, మంత్రగానికడకు పోయి గంట పోగొట్టరాదు. కఱచిన అవయవమును కదలనీయక, బిడ్డను మోసికొని నేరుగా ప్రభుత్వాసుపత్రికి చేర్చవలయును. విషమునకు విఱుగుడు మందు అచ్చటనే యుండును. ఈ జాగ్రత్తలు తెలిసిన పిల్లవాడు తెలియనివానికన్న పొలములో సురక్షితుడు. పాములు వనయాత్రకు మాత్రమే రావు, కళ్లమునకును వచ్చును.

మఱియొక నియమము. చూచుటే, తెచ్చుట లేదు. గ్రుడ్డు, పిల్ల, గూడు ఏదియు ఇంటికి రాకూడదు. వీపుపై నక్షత్రములవంటి పసుపు గీతలున్న తాబేలు మన ముండ్లబీళ్లలో తొలకరి వేళ కనబడును. ఇంట నున్న అదృష్టమని కొందఱు పట్టి తెత్తురు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము, చెఱసాల తప్పదు. తెచ్చినవానికి అదృష్టము ఎట్టిదో దీనివలననే తెలియుచున్నది. రాలిన యీక, ఖాళీయైన గిజిగాని గూడు, చచ్చిన జిల్లేడు సీతాకోకచిలుక వంటివి చూచి, బొమ్మ గీసి, అచ్చటనే విడువవలయును.

గిజిగాని గూడు చెప్పినాను గనుక ఒక మాట. పాతబావులపై వంగిన ఈత, తుమ్మ కొమ్మలకు నిరుటి గూళ్లు ఇప్పుడును వ్రేలాడుచుండును. గాలికి పడినదానిని తెచ్చి చూపుడు. కొన్ని గూళ్లు సగముననే నిలిచిపోయి యుండును. ఏలయన మగపక్షి సగము అల్లి పిలుచును, ఆడపక్షి వచ్చి లోపల తిరిగి పరీక్షించును, నచ్చకున్న పోవును. అప్పుడు మగపక్షి దానిని విడిచి మఱియొకటి మొదలుపెట్టును. ఇది విని పెద్దలును నవ్వుదురు. కోకిల విషయమును ఇట్టిదే. మావిచిగురు తిని ఆడకోకిల పాడునని కవులు వ్రాసిరేమో గాని, కూయునది నల్లని మగది. ఆడది గోధుమవన్నె మచ్చలతో నుండి, కాకి గూటిలో గ్రుడ్డు పెట్టుటకు సమయము చూచుచుండును. కాకులు గూళ్లు పెట్టు వేసవియే దాని కాలము. ఉదయమున ఒక గూటి కాకిని అరగంట కాచియున్న పిల్లలకు ఈ నాటకమంతయు కనబడవచ్చును.

ఇట్టి చదువు మన రాయలసీమకు క్రొత్త గాదు. మదనపల్లె చేరువను జిడ్డు కృష్ణమూర్తిగారి ఋషివ్యాలీ పాఠశాల కలదు. ఒకప్పుడు బోడిగా నున్న ఆ లోయను చెట్లు పెంచి పచ్చచేసిరి. అచ్చటి పిల్లలు ఉపాధ్యాయులతో గుట్టలెక్కి పక్షులను గుర్తించి వ్రాయుట వాడుక. 1991లో ఆ లోయ పక్షుల రక్షితస్థలమైనది. కంఠము పసుపుపచ్చగా నుండి దక్షిణాపథపు రాతిగుట్టలలో తప్ప మఱెచ్చటను కనబడని పిగిలిపిట్ట ఆ ప్రాంతమున నున్నది. "అది ధనవంతుల బిడ్డల బడి, మన కెక్కడిది?" అని యొక సర్పంచి నన్నడిగెను. తెల్లవాఱున లేచి నడుచుటకు రుసుము లేదని చెప్పితిని. 2001లో భారత ప్రభుత్వము జాతీయ హరిత దళమను పేర బడులలో పర్యావరణ సంఘములను ఏర్పఱచినది. మీ యూరి బడియందును అది యుండవచ్చును, పంతులుగారి నడుగుడు. సెలవులలో పంతుళ్లు తమ ఊళ్లకు పోవుట సహజము. అప్పుడు ఊరిలో నుండువారు మీరే.

మిగిలినది పుస్తకము. ఒక్కొక పిల్లవానికి గీతలు లేని నోటుపుస్తకము, ఒక పెన్సిలు. తేదీ, తావు, చూచినది, తాత చెప్పిన పేరు, తనకు తోచిన ప్రశ్న, ఇంతే. బొమ్మ వంకరగా నున్నను దిద్దవలదు. పేరు తెలియనిచో తెలియదని వ్రాయనిండు. రెండు ఊళ్ల తాతలు ఒకే పిట్టకు రెండు పేర్లు చెప్పినచో రెండును వ్రాయవలయును. తగవు తీర్చనక్కఱలేదు. జమ్మలమడుగు చెంత ఒక పల్లెలో పదునొకండుగురు పిల్లలు ఒక వేసవిలో నూటనలువది పేర్లు వ్రాసిరి. అందు ముప్పదింటికి పైగా నేను అంతకుముందు విననివి. వానిలో పదింటిని చెప్పిన గొఱ్ఱెలకాపరి ఆ సంక్రాంతికి లేడు.

మృగశిర దాటి, బడులు తెఱచి, ఆరుద్ర కార్తెలో మొదటి వాన కురిసిన మఱునాడు బడికి పోవు దారిలో ఎఱ్ఱని పట్టుగుడ్డ తునకలవలె ఆరుద్ర పురుగులు ఇసుకలోనుండి వెలువడును. అది పురుగని మనమందుము గాని సాలెపురుగునకు బంధువు. పురుగులకు ఆఱు కాళ్లు, దీనికి ఎనిమిది. మొన్నటి యేడు రెండవ తరగతి పిల్ల యొకతె దానిని అరచేతిలో పెట్టుకొని, మెత్తని ఆ ప్రాణి కాళ్లు ముడుచుకొని కూర్చుండగా, అది మఱల నడుచువఱకు వానలో నిలిచి కాచియుండి, ఎనిమిది యని లెక్కపెట్టి, నేలపై విడిచి, తడిసిన నోటుపుస్తకములో వ్రాసికొని, బడికి పావుగంట ఆలస్యముగా వచ్చినది.